పిల్లాణ్ణి హాస్టల్లో వేసే ముందు: బరంపురం తెలుగు ఇళ్లకి ఏ దారి నప్పుతుంది?

"మాస్టారు బాబూ, ఈడ్ని ఏదైనా హాస్టల్లో ఏయించండి."

బడిలో ఉన్నన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా నేను ఎక్కువగా విన్న మాట ఇదే. కిందటి నెల మళ్లీ విన్నాను. అడిగింది ఒక అమ్మమ్మ. అల్లుడు సూరత్ మరమగ్గాలకి వెళ్లి మూడేళ్లయింది. మొదటి ఏడాది డబ్బు పంపాడు, తరవాత ఫోనూ లేదు. కూతురు నాలుగిళ్లలో పాచిపని చేస్తుంది. పదకొండేళ్ల మనవడు బడి ఎగ్గొట్టి స్టేషన్ చుట్టూ తిరుగుతున్నాడు. అమ్మమ్మకి మోకాళ్ల నొప్పులు, వాడి వెనక పరిగెత్తలేదు. "మూడు పూట్ల తిండెట్టి, కాస్త భయం సెప్పేవోళ్లుంటే సాలు" అంది.

ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు. ఆవిడకి తెలిసిన తలుపు అదొక్కటే, అంతే. ఒడిశాలోని మన గంజాం జిల్లాలో మనవాళ్లకి పనికొచ్చే తలుపులు ఇంకో నాలుగైదు ఉన్నాయి. ఏ తలుపు ముందు తట్టాలో తెలియక తిరిగినవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లతో ఆఫీసులకి వెళ్లిన అనుభవంతో ఈ బేరీజు రాస్తున్నాను. రాయగడ, పర్లాకిమిడి, జయపురం వైపు ఉన్నవాళ్లకీ చాలావరకు ఇదే వర్తిస్తుంది, ఆఫీసుల ఊళ్లు మారతాయి.

## బేరీజుకి దిగే ముందు

కొన్ని సంగతుల్లో ఎంపిక అనేదే లేదు. పిల్లని ఎవరైనా కొడుతున్నా, ఒంటి మీద చెయ్యి వేసినా, పిల్లాడు కనిపించకుండా పోయినా ఈ వ్యాసం పక్కన పెట్టి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. లైంగిక దాడి సంగతైతే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. "ఇంటి పరువు" అని కులపెద్దలు కూర్చుని సర్దేసే విషయం కాదది. చెప్పకపోవడమే నేరం.

మిగతా ఇళ్ల సంగతికి వస్తే, నేను మొట్టమొదట అడిగేది ఒకటే. పిల్లకి ఇంట్లో ప్రమాదమా, లేక ఇంట్లో డబ్బు లేకపోవడమా? రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి: చినిగిన బట్టలు, మానేసిన బడి, రాత్రిళ్లు రోడ్డు మీద. ఇంట్లో ప్రమాదముంటే పిల్లని బయటికి తీసుకురావాలి. డబ్బే లేకపోతే ఆ డబ్బు ఇంటికి తేవాలి. రెండో రకం ఇంటికి మొదటి రకం మందు వేస్తే పిల్లకి ఇల్లూ పోతుంది. ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. 2015 బాలల న్యాయ చట్టం మూడో సెక్షన్‌లోనే, పిల్లల్ని సంస్థలో పెట్టడం చివరి మార్గంగా మాత్రమే ఉండాలని రాశారు.

తరవాత చూడాల్సింది వయసు. 6, 14, 18 దగ్గర గోడలుంటాయి. ఆరేళ్లలోపు అంగన్‌వాడీ, 6 నుంచి 14 వరకు ఉచిత నిర్బంధ విద్య, 14 దాటాక పని నేర్పే దారులు తెరుచుకుంటాయి, 18 నిండిన రోజున బాలల పథకాలు చాలావరకు మూసుకుంటాయి. పదిహేడున్నరేళ్ల కుర్రాడికి బాలల పథకం కోసం ఆరు నెలలు తిరగడం దండగ.

మూడోది కాగితాలు. మన సరిహద్దు వాళ్లకి అసలు తలనొప్పి ఇదే. ఇక్కడి నుంచి ఆంధ్రాలోని ఇచ్ఛాపురం సుమారు పాతిక కిలోమీటర్లే. సగం ఇళ్లలో తల్లి ఆధార్ శ్రీకాకుళం జిల్లాది, తండ్రిది గంజాంది, పిల్లాడికి అసలు లేదు. రేషన్ ఏ రాష్ట్రంలోనైనా తీసుకోవచ్చు గానీ, పిల్లల పథకాలు చాలావరకు నివాసం చూస్తాయి. కుల ధ్రువపత్రం ఇంకా చిక్కు. ఆంధ్రాలో ఇచ్చిన ఎస్సీ, ఎస్టీ పత్రంతో ఒడిశాలో రిజర్వేషన్ దొరకదు, ఇక్కడిది అక్కడ చెల్లదు. కాబట్టి ఏ దారైనా ఎంచుకునే ముందు మీ ఇల్లు కాగితాల మీద ఏ రాష్ట్రంలో ఉందో తేల్చుకోండి.

నాలుగోది భాష. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బళ్లో ఒడియా. ఆరేళ్ల పిల్లకి టీచరమ్మ చెప్పేది సగం అర్థం కాకపోతే "మొద్దు" అనిపించుకుంటుంది, మూడో తరగతికి మానేస్తుంది. నేను చూసిన మానేసిన పిల్లల్లో చాలామందికి చదువు రాక కాదు, మొదటి రెండేళ్లు ఏం చెబుతున్నారో తెలియక.

## ఒక్క చూపులో

| దారి | ఎవరికి | పిల్లలు ఉండేది | మొదట వెళ్లాల్సిన చోటు | పెద్ద చిక్కు |
|---|---|---|---|---|
| ఇంటికే నెలసాయం | ఒంటరి తల్లి, అమ్మమ్మ దగ్గర పెరిగేవాళ్లు | ఇంట్లోనే | జిల్లా బాలల సంరక్షణ విభాగం | కాగితాలు, ఆలస్యం |
| బస్తీ సెంటర్ | బడి మానేసినవాళ్లు, మానేసేలా ఉన్నవాళ్లు | ఇంట్లోనే | మీ వార్డు అంగన్‌వాడీ దిది | ఎన్నాళ్లుంటుందో తెలియదు |
| ప్రభుత్వ హాస్టల్, కస్తూర్బా (ఆడపిల్లల వసతి బడి) | దగ్గర్లో పై తరగతి బడి లేనివాళ్లు | హాస్టల్లో | బ్లాకు విద్యాశాఖ ఆఫీసు | కుల, నివాస పత్రాలు |
| బాలల గృహం | ఇంట్లో ప్రమాదం ఉన్నవాళ్లు, ఎవరూ లేనివాళ్లు | సంస్థలో | బాలల సంక్షేమ కమిటీ | ఇంటికి దూరం |
| ఐటీఐ, ఓపెన్ స్కూల్ | 14 దాటినవాళ్లు | ఇంట్లో లేదా హాస్టల్లో | ఐటీఐ ఆఫీసు, స్టడీ సెంటర్ | మధ్యలో మానేయడం |

## ఇంటికే నెలసాయం: అందరికంటే తక్కువమందికి తెలిసింది

మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ అని ఒకటుంది. పిల్లని ఇంట్లోనే ఉంచుకుని చదివించడానికి నెలకి 4,000 రూపాయలు, 18 ఏళ్లు వచ్చేవరకు. భర్త పోయిన తల్లి, భర్త వదిలేసిన తల్లి, విడాకులైన తల్లి, తల్లిదండ్రులు లేక అమ్మమ్మ దగ్గరో మేనమామ దగ్గరో పెరిగే పిల్లలు, పెద్ద జబ్బుతో మంచాన పడ్డ తల్లిదండ్రుల పిల్లలు దీనికి అర్హులు. ఇంటి ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, పట్నంలో 96,000 రూపాయలు దాటకూడదు. పిల్ల బడికి వెళుతోందా లేదా అన్నది చూస్తారు. మానేస్తే సాయం ఆగుతుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. ఇదే పథకంలో, పిల్లని గృహంలో పెడితే పోషణకి సంస్థకి ఇచ్చేది నెలకి 3,000. జీతాలూ భవనమూ వేరే ఖాతా అనుకోండి. అయినా పిల్ల కంచం వరకే చూస్తే, సర్కారు దృష్టిలో కూడా ఇంటికిచ్చేదే ఎక్కువ. ఈ మాట చెప్పినప్పుడు చాలామంది తల్లులు నా మొహం వంక అనుమానంగా చూస్తారు.

మరి చిక్కెక్కడ? ఊరు బరంపురమైనా కలెక్టరేట్ ఉన్నది ఛత్రపురంలో. పొద్దున్నే బస్సెక్కితే ఆ రోజు కూలి పోయినట్టే. ఒక్కసారితో పని కాదు. దరఖాస్తు పెట్టాక ఇంటికొచ్చి విచారణ చేస్తారు, ఆ రిపోర్టు ఆమోద కమిటీ ముందుకి వెళుతుంది, తరవాతే డబ్బు ఖాతాలో పడుతుంది. రేపు బియ్యానికి డబ్బు కావాల్సిన ఇంటికి ఇది వెంటనే పనికొచ్చేది కాదు. రెండేళ్లు, నాలుగేళ్లు నిలబడాల్సిన ఇంటికి దీనికంటే మంచి ఆధారం నాకు కనిపించలేదు.

ఆదాయ పత్రం, నివాస పత్రం తహసీల్దారు ఆఫీసులో తెచ్చుకోవాలి. పిల్ల పేరున, లేదా పెంచేవాళ్లతో జాయింటుగా బ్యాంకు ఖాతా ముందే తెరిచి ఉంచుకోండి. దరఖాస్తు ఒడియాలో ఉంటుంది. రాసిపెడతామని ఆఫీసు బయట కూర్చున్నవాళ్లకి డబ్బులివ్వనక్కర్లేదు. అంగన్‌వాడీ దిది గానీ, బడి హెడ్‌మాస్టరు గానీ రాసిపెడతారు. అడగడానికి మొహమాటపడేది మనమే.

2020 ఏప్రిల్ 1 తరవాత తల్లిదండ్రులిద్దరూ పోయిన పిల్లలకి ఒడిశా ప్రభుత్వం ఆశీర్వాద్ పథకం వేరేగా పెట్టింది. పెంచేవాళ్ల ఖాతాకి నెలకి 2,500. మీ పిల్లలకి రెండింట్లో ఏది వర్తిస్తుందో అదే ఆఫీసులో అడగొచ్చు. తల్లి ఖాతాకి వచ్చే సుభద్ర డబ్బు, అంటే 21 నుంచి 60 ఏళ్లలోపు ఆడవాళ్లకి ఏడాదికి 10,000, రెండు విడతల్లో, వేరే సంగతి. అది తల్లిది.

## బస్తీ సెంటర్: సాయంత్రం ఆరింటికి వెళ్లి చూడండి

సాయంత్రం పూట చదువు చెప్పే సెంటర్లు, బడి మానేసినవాళ్లని మళ్లీ బడికి పంపే బ్రిడ్జి తరగతులు, వీధి పిల్లలు పగలో రాత్రో వచ్చి ఉండే షెల్టర్లు. వీటిని ఒక్కోచోట స్వచ్ఛంద సంస్థ, ఒక్కోచోట చర్చి, ఒక్కోచోట మహిళా సంఘం నడుపుతాయి. పిల్ల ఇల్లు వదలదు, కాగితాలు పెద్దగా అడగరు, రేపే పంపొచ్చు. మూడూ చిన్న లాభాలు కావు.

నష్టమేంటంటే, వాటి ఆయుష్షు ఎవరి చేతుల్లోనూ ఉండదు. ప్రాజెక్టు డబ్బు అయిపోతే గదికి తాళం. టీచరుగా వచ్చిన అమ్మాయికి పెళ్లి కుదిరితే తాళం. మంచి సెంటరో కాదో బోర్డు చూసి తెలియదు. ఆరింటికి వెళ్లి పావుగంట గుమ్మం దగ్గర నిలబడండి. పిల్లలు పేరు పెట్టి పిలిస్తే పలుకుతున్నారా? చెప్పే ఆవిడకి తెలుగు ఒక్క ముక్కైనా వచ్చా? వాళ్ల దగ్గరున్న పిల్లల్లో ఎంతమంది పగలు బడికి వెళ్తున్నారని అడగండి. "మా దగ్గర చదివితే చాలు, బడెందుకు" అనే సెంటర్ వద్దు. ఫొటోలు తీసి పంపడం మీద శ్రద్ధ ఎక్కువై, హాజరు పుస్తకం మీద తక్కువగా ఉందనిపిస్తే అదీ వద్దు.

బడిలో తిరిగి చేర్చడానికి ఇక్కడో మాట తెలిసి ఉండాలి. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం వయసు పత్రం లేదనో, టీసీ రాలేదనో, మధ్యలో వచ్చారనో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి ప్రవేశం కాదనకూడదు. పదేళ్ల పిల్ల ఎప్పుడూ బడికి పోకపోయినా వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడింది అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. "ఒకటో తరగతిలో చిన్నపిల్లల పక్కన కూర్చోమంటే సిగ్గుపడి రావట్లేదు" అనే ఇళ్లకి ఈ ఒక్క నిబంధన చాలు. గోపాలపురం ఒడ్డున వలలు లాగే మనవాళ్ల పిల్లలకి ఇది మరీ అవసరం. వేట కాలంలో నాన్నతో పోయి, తిరిగొచ్చేసరికి పేరు కొట్టేసి ఉంటారు.

## హాస్టల్ అంటే ఏ హాస్టల్?

అమ్మమ్మలు "హాస్టల్" అనే ఒక్క మాటలో నాలుగు వేరే వేరే సంగతులు కలిపేస్తారు.

ఎస్టీ, ఎస్సీ శాఖ హాస్టళ్లు బడికి అనుబంధంగా ఉంటాయి. సెలవలకి ఇల్లు, తిండికి ఖర్చు లేదు. కుల పత్రం ఒడిశాది ఉండాలి. ఉంటే మంచిదే. ఆడపిల్లలకి కస్తూర్బా గాంధీ విద్యాలయాలు ఆరో తరగతి నుంచి. కొన్నిచోట్ల పన్నెండు దాకా. బడి మానేసిన అమ్మాయిలకి అక్కడ ముందు చోటు. పట్నం మధ్యలో ఉన్నవాళ్లకి ఇది దొరుకుతుందో లేదో గానీ, చుట్టూ ఉన్న బ్లాకుల వాళ్లు తప్పక అడగాలి.

ఇచ్ఛాపురం దాటి ఆంధ్రా గురుకులంలో వేయాలనే ఆశ మనవాళ్లందరికీ ఉంది. తెలుగులో మాట్లాడే బడి, మన పండగలు. గురుకులాల్లో ఎక్కువగా ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష పెడతారు, ఆ రాష్ట్రం కాగితాలు అడుగుతారు. తల్లి ఆధార్ సోంపేటలోనో కవిటిలోనో ఉన్న ఇళ్లకి ఇది నిజంగా దారే. కాగితాల కోసం అక్కడి బంధువు పేరున పిల్లని రాయించే పని మాత్రం చేయకండి. పదో తరగతి మెమో మీద పేరు తప్పుపడితే ఆ ముడి విప్పడానికి ఏళ్లు పడుతుంది.

ఇక బాలల గృహం. ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. పదేళ్ల కిందట తల్లి పోయిన ఇద్దరు అన్నదమ్ముల్ని, వాళ్ల నాన్న బతిమాలితే, వేరే జిల్లాలో ఒక ఆశ్రమంలో నేనే చేర్పించాను. పెద్ద గేటు, పూలమొక్కలు, ప్రార్థన హాలు. నమోదు పత్రం చూపించమని అడగాలని నాకు తోచలేదు. ఆరు నెలలకి చూడ్డానికి వెళితే చిన్నవాడు నాతో తెలుగులో మాట్లాడలేదు. మరిచిపోయాడనుకుని నవ్వుకున్నాను కూడా. వాడు ఇంటికొచ్చిన రెండో రోజు రాత్రి వాళ్ల నాన్నకి చెప్పాడు, తెలుగులో మాట్లాడితే అక్కడ దెబ్బలు పడేవని.

అప్పటి నుంచి నాకొక పద్ధతి. పిల్లల్ని ఉంచుకునే ఏ గృహమైనా బాలల న్యాయ చట్టం కింద నమోదై ఉండాలి. లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లేదా లక్షకి తగ్గని జరిమానా, లేదా రెండూ. మంచి సంస్థైతే ఆ పత్రం గోడకే ఉంటుంది. గృహంలో చేర్చేది కూడా మనమూ వాళ్లూ మాట్లాడుకుని కాదు, బాలల సంక్షేమ కమిటీ ఆర్డరుతో. ఆ కమిటీలో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉంటారు. సంరక్షణ కావాల్సిన పిల్లని ప్రయాణ సమయం పోను 24 గంటల్లో వాళ్ల ముందుకి తేవాలి. నెలకి కనీసం 20 రోజులు కమిటీ కూర్చోవాలి. ఇంటి పరిస్థితి మీద విచారణ 15 రోజుల్లో, తుది ఆర్డరు నాలుగు నెలల్లో రావాలని చట్టం.

ఇందులో తల్లిదండ్రులకి లాభం ఏంటంటే, కాగితం ఉంటే పిల్లని వెనక్కి తెచ్చుకునే దారీ ఉంటుంది. నోటిమాట మీద వదిలిన పిల్ల కోసం ఎవరిని అడుగుతారు? కమిటీ దగ్గరికి వెళితే పిల్లని లాక్కుంటారని మనవాళ్లకి ఒక భయం. నేను వెళ్లినప్పుడల్లా అక్కడ ముందు అడిగింది "ఇంట్లో ఉంచుకోవడానికి ఏం కావాలి" అనే. స్పాన్సర్‌షిప్‌కి సిఫారసు కూడా అక్కడి నుంచే రావచ్చు. పిల్ల సొంత ఊరు ఆంధ్రాలో అని తేలితే, అక్కడి కమిటీకి బదిలీ చేసే వీలు చట్టంలో 95వ సెక్షన్ ఇస్తుంది. విశాఖ రైల్లో దొరికిన మన పిల్లలు బరంపురానికి తిరిగి వచ్చేది ఈ దారినే.

## పద్నాలుగు దాటిన కుర్రాళ్లు

వీళ్ల సంగతి వేరు. పద్నాలుగు నిండని పిల్లని పనిలో పెట్టకూడదు. బడి అయ్యాక ఇంటి కొట్లో సాయం చేయడం లాంటివాటికే చట్టం ఒప్పుకుంటుంది. 14 నుంచి 18 మధ్య ప్రమాదకరమైన పనులు కూడదు. 2016లో సవరించిన చట్టం ఇది. కానీ పదిహేనేళ్ల వాడు మనసులో ఎప్పుడో సూరత్ రైలెక్కేశాడు. వాణ్ణి మళ్లీ ఎనిమిదో తరగతి బెంచీ మీద కూర్చోబెట్టడం జరిగే పని కాదని నా అభిప్రాయం. కోపగించుకునే టీచర్లున్నారు, తెలుసు.

ఎనిమిది పాసైతే ఐటీఐలో వెల్డర్, ప్లంబర్ లాంటి ట్రేడులు ఉన్నాయి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్‌కి పది కావాలి. కనీస వయసు 14. మన బరంపురం ప్రభుత్వ ఐటీఐ పిల్లలు తుక్కు ఇనుముతో చేసిన బొమ్మల్ని చూడ్డానికి బయటి ఊళ్ల నుంచి కూడా వస్తారు. వాణ్ణి ఒప్పించాలంటే ఉపన్యాసం మానేసి ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్లి ఆ బొమ్మలు చూపించండి. నేనలా ముగ్గుర్ని తీసుకెళ్లాను, ఇద్దరు చేరారు.

పది పూర్తికాని వాళ్లకి జాతీయ ఓపెన్ స్కూల్. 14 నిండితే పదో తరగతికి రాయొచ్చు, తెలుగు మాధ్యమంలో కూడా. ఒడియా లిపి రాక బడి మానేసినవాళ్లకి ఇది ఎంత పెద్ద సంగతో బరంపురంలో చాలామందికి తెలియదు. ఐదేళ్లలో తొమ్మిది సార్లు పరీక్ష రాసే వీలుంది, ఒక్కొక్క సబ్జెక్టు పాసవుతూ పోవచ్చు. అయితే వాడిని ఉదయం లేపేవాళ్లు ఎవరూ ఉండరు. పని చేసుకుంటూ పట్టుదలగా చదివేవాడికి ఓపెన్ స్కూల్. రోజూ గంట కొడితేనే కదిలేవాడికి ఐటీఐ. పల్లె చిరునామా ఉంటే 15 నుంచి 35 ఏళ్లవాళ్లకి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన శిక్షణ ఉచితం. పట్నం వార్డు చిరునామాకి అది రాదు. ఉద్యోగం దూరపు ఊళ్లలో వస్తుంది గనక, తల్లిని చూసుకోవాల్సిన కుర్రాడికి అంతగా నప్పదు.

## పిల్లాడి పేరు చెప్పి వచ్చినా, సమస్య నాన్నది

సగం ఇళ్లలో బడి మానేయడానికి మూలం సారా. అలాంటి ఇంట్లో పిల్లాణ్ణి మార్చే సెంటర్ వెతకడం కంటే ముందు 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయడం మేలు. తల్లికి దెబ్బలు పడుతుంటే 181. సఖి కేంద్రంలో అయిదు రోజుల వరకు తలదాచుకునే చోటు, పోలీసు, వకీలు సాయం ఒకేచోట. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం నుంచే ఉంది, నంబరు 15100. మాట్లాడే మనిషి కావాలంటే టెలీ మానస్, 14416, తెలుగులోనూ పలుకుతారు. పదహారేళ్ల పిల్లలు అమ్మానాన్నలకి చెప్పనివి అక్కడ చెబుతారు.

వలస వెళ్లొచ్చిన ఇళ్లలో హెచ్‌ఐవీ ఉందని మన జిల్లాలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. మందులు ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఉచితం. ఆ సంగతి బడికి చెప్పాల్సిన అవసరం లేదు. 2017 చట్టం ప్రకారం ఆ కారణంగా బడిలో చేర్చుకోకపోవడం కుదరదు. ఇలాంటి ఇంటి పిల్లలు స్పాన్సర్‌షిప్‌కి ముందు వరసలో ఉంటారు.

## మీ ఇల్లు ఏది?

తల్లి ఒక్కతే సంపాదిస్తూ, పిల్ల బడికి వెళుతోందంటే: స్పాన్సర్‌షిప్, దాంతో పాటు సాయంత్రం సెంటర్. హాస్టల్ మాట ఎత్తకండి.

తల్లీ తండ్రీ ఇద్దరూ వలస, ముసలామె దగ్గర ముగ్గురు పిల్లలు: పెద్దపిల్లకి పన్నెండు దాటితే ఆమె చిన్నవాళ్లకి అమ్మ అయిపోయి ఉంటుంది, ఆమె బడి పోయి ఉంటుంది. అలాంటి ఇంటికి నేను పెద్దపిల్లకి కస్తూర్బా చెబుతాను, చిన్నవాళ్లని అంగన్‌వాడీ, బడి మధ్య సర్దమంటాను. ముసలామెకి కోపం వస్తుంది. చేతికింద మనిషి పోతుంది మరి.

పదిహేనేళ్లకే పెళ్లి ముహూర్తం పెట్టిన అమ్మాయి: గంజాం జిల్లాని 2022 జనవరిలో బాల్యవివాహాలు లేని జిల్లాగా ప్రకటించారు. నిర్భయ కఢి పేరుతో ఊరూరా పని చేసి, సమాచారం ఇచ్చినవాళ్లకి 5,000 బహుమతి కూడా పెట్టారు. ప్రకటన అయినంత మాత్రాన ముహూర్తాలు ఆగవు గానీ, ఫోన్ చేస్తే కదిలే యంత్రాంగం ఉంది. అమ్మాయికి 18, అబ్బాయికి 21 అన్నది తెలిసిందే. పెళ్లి ఆపాక ఆ అమ్మాయిని ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. ఇంట్లో సూటిపోటి మాటలు భరించగలిగితే పదో తరగతి అక్కడే, లేకపోతే కమిటీ ద్వారా హాస్టల్.

పిల్లని తాడుతో కట్టేసి పనికి పోయే తల్లిని ఒకామెని చూశాను. పిల్లకి మాటలు రావు. ఆమె మీద ఫిర్యాదు చేయమన్నారు కొందరు. ఆమెకి కావాల్సింది పగటిపూట పిల్లని చూసే చోటు. వికలాంగ ధ్రువపత్రం నుంచి మొదలుపెట్టి నాలుగు నెలలు పట్టింది. ఈ పట్టికలో ఆమె ఇల్లు ఏ గడిలోనూ పడదు.

మొదట చెప్పిన అమ్మమ్మ సంగతికి వస్తే: మనవడు ఇప్పుడు సాయంత్రాలు సెంటర్‌కి వెళుతున్నాడు. వారానికోసారి స్టేషన్‌కీ వెళుతున్నాడు. స్పాన్సర్‌షిప్ కాగితాలన్నీ సిద్ధం, ఒక్కటి తప్ప. భర్త వదిలేశాడని కూతురు రాసివ్వాలి, వార్డులో ఇద్దరు సాక్షి సంతకం పెట్టాలి. మొన్న ఫారం ముందుంచితే ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"రేపు ఆయనొస్తే, నేనే వదిలేశాడని రాసిచ్చానంటే ఊరుకుంటాడా మాస్టారూ?"

వారం టైమిమ్మంది. వచ్చే మంగళవారం ఛత్రపురం వెళ్లాలని అనుకున్నాం.